లాగౌట్ కుదరని లాగిన్

వెబ్ అప్లికేషన్లు కట్టేవాళ్ల మధ్య ఏళ్ల తరబడి తెగని తగువు ఒకటుంది. లాగిన్ అయిన మనిషిని గుర్తుపెట్టుకోవడానికి సర్వర్‌లో సెషన్ రాసిపెట్టుకోవాలా, సంతకం చేసిన టోకెన్ ఒకటి అతని చేతిలో పెట్టి పంపేయాలా? ఇప్పటి ట్యుటోరియల్స్ చూస్తే తీర్పు ఎప్పుడో వచ్చేసినట్టుంటుంది. కొత్తగా నేర్చుకునేవాళ్లకు మొదటి పాఠంలోనే జేడబ్ల్యూటీ, అంటే జేసన్ వెబ్ టోకెన్, చేతికిస్తున్నారు. ముందు వైపు రియాక్ట్, వెనక నోడ్, మధ్యలో టోకెన్. దాన్ని బ్రౌజర్ లోకల్ స్టోరేజీలో దాచు, ప్రతి రిక్వెస్టుకీ హెడర్‌లో పెట్టి పంపు, పని అయిపోయింది. ఈ పద్ధతి పనిచేయదని ఎవరూ అనలేరు, డెమోలో చక్కగా పనిచేస్తుంది. కానీ లాగిన్ వ్యవస్థ గట్టితనం తేలేది మనిషిని లోపలికి రానిచ్చేటప్పుడు మాత్రమే కాదు, రానిచ్చినవాణ్ని కావలసిన క్షణంలో బయటికి పంపాల్సి వచ్చినప్పుడు కూడా. ఆ కొలత పెట్టి చూస్తే మామూలు అప్లికేషన్లకు పాత సెషన్ పద్ధతే సరైనదని, సంతకం చేసిన టోకెన్‌కి తగిన చోటు వేరే ఉందని నా వాదన.

హెచ్‌టీటీపీకి జ్ఞాపకం లేదు. ఇప్పుడు ఒక పేజీ అడిగినవాడే మరుక్షణం ఇంకో పేజీ అడిగినా సర్వర్‌కి మళ్ళీ కొత్త మొహమే. ఈ మతిమరుపుకు విరుగుడుగా 1994లో నెట్‌స్కేప్ ఇంజనీరు లూ మాంటుల్లీ కుకీని తెచ్చాడు. సెషన్ పద్ధతి దాని మీదే నిలబడింది. పాస్‌వర్డ్ సరిపోయాక సర్వర్ ఎవరి ఊహకూ అందని పొడుగాటి సంఖ్యను, 128 బిట్లకు తగ్గకుండా, పుట్టించి తన పట్టికలో రాసుకుంటుంది. అదే సంఖ్యను కుకీగా బ్రౌజర్‌కి ఇస్తుంది. ఆపైన వచ్చే ప్రతి రిక్వెస్టుతోనూ కుకీ తిరిగొస్తుంది, సర్వర్ పట్టిక తిరగేసి మనిషిని పోల్చుకుంటుంది. ఆ సంఖ్యకు తనంతట తనకు అర్థమేమీ లేదు, అర్థమంతా సర్వర్ దగ్గరుంది. అయితే సంఖ్య చేజారితే మనిషే చేజారినట్టు. 2010 అక్టోబరులో ఎరిక్ బట్లర్ విడుదల చేసిన ఫైర్‌షీప్ అనే ఫైర్‌ఫాక్స్ ఎక్స్‌టెన్షన్ ఈ సంగతిని అందరి కళ్లకూ కట్టించింది. అప్పట్లో పెద్ద పెద్ద సైట్లు కూడా లాగిన్ పేజీ వరకే ఎన్‌క్రిప్షన్ వాడి, తర్వాతి పేజీలను బహిరంగంగా పంపేవి. కాఫీ షాపు వైఫైలో కూర్చున్న ఎవరైనా పక్క టేబుల్ మనిషి ఫేస్‌బుక్ కుకీని పట్టుకుని, ఒక్క క్లిక్కుతో అతని ఖాతాలోకి దూరగలిగేవారు. ఫైర్‌షీప్ ఎవరి పాస్‌వర్డూ దొంగిలించలేదు, ఆ అవసరమే రాలేదు. సైట్లు అన్ని పేజీలనూ హెచ్‌టీటీపీఎస్‌లోకి మార్చుకోవడానికి ఈ పరువు నష్టం కూడా ఒక కారణం.

పాస్‌వర్డ్‌ని దాచే విషయంలో మాత్రం పెద్దగా తగువు మిగల్లేదు. 1979లోనే రాబర్ట్ మోరిస్, కెన్ థాంప్సన్ యూనిక్స్ అనుభవంతో దారి చూపించారు: పాస్‌వర్డ్‌ని ఉన్నదున్నట్టు దాచకూడదు, హ్యాష్ చేయాలి, ఒక్కొక్కరికీ వేరే సాల్ట్ కలపాలి, లెక్క కావాలనే నిదానంగా సాగాలి. అయినా 2009లో రాక్‌యూ సంస్థ నుంచి 3.2 కోట్ల పాస్‌వర్డులు యథాతథంగా బయటపడ్డాయి. 2012లో లింక్డ్‌ఇన్ నుంచి బయటికొచ్చిన 65 లక్షల హ్యాష్‌లకు సాల్ట్ లేదు, వాడింది షా-1. సెకనుకు వందల కోట్ల షా-1 లెక్కలు కట్టే గ్రాఫిక్స్ కార్డు ముందు అదొక లెక్క కాదు. 1999 నాటి బీక్రిప్ట్, 2015లో పాస్‌వర్డ్ హ్యాషింగ్ పోటీ గెలిచిన ఆర్గాన్2, ఈ రెండిట్లో ఏదైనా నేటికి చాలు. బీక్రిప్ట్‌తో ఒక్క చిక్కుంది, తెలుగువాళ్లకు మరీను. అది మొదటి 72 బైట్లనే చూస్తుంది. యూటీఎఫ్-8లో తెలుగు లిపి గుర్తు ఒక్కోటి 3 బైట్లు తింటుంది. ‘క్షే’ అనే ఒక్క అక్షరమే నాలుగు గుర్తులు, 12 బైట్లు. తెలుగులో చక్కటి వాక్యమొకటి పాస్‌వర్డ్‌గా పెట్టుకుంటే 24 గుర్తుల తర్వాత ఏం రాసినా ఒకటే. ఇది చాదస్తం అనుకోనక్కర్లేదు. 2024లో ఓక్టా సంస్థ ఇదే 72 బైట్ల హద్దును పట్టించుకోకుండా యూజర్‌నేమ్‌నీ పాస్‌వర్డ్‌నీ కలిపి బీక్రిప్ట్‌కి ఇచ్చింది. ఫలితంగా యూజర్‌నేమ్ 52 అక్షరాలో అంతకు మించో ఉన్న ఖాతాల్లోకి కొన్ని పరిస్థితుల్లో పాస్‌వర్డ్ లేకుండానే వెళ్లగలిగే వీలు ఏర్పడింది.

ఇక టోకెన్. 2015 మేలో ఆర్‌ఎఫ్‌సీ 7519గా ప్రమాణమైన జేడబ్ల్యూటీని దగ్గర పెట్టుకుని చూస్తే మూడు ముక్కలు, మధ్యలో రెండు చుక్కలు. దాదాపు ఏ టోకెన్ చూసినా ఈ, వై, జే అనే మూడు ఇంగ్లీషు అక్షరాలతోనే మొదలవుతుంది. అందులో మర్మం లేదు. జేసన్ రాతలో మొదట వచ్చే మీసాల బ్రాకెట్టూ కొటేషన్ గుర్తూ బేస్64లోకి మారితే వచ్చే రూపం అదే. మొదటి ముక్కలో ఏ పద్ధతిలో సంతకం చేశారో ఉంటుంది. రెండోదానిలో మనిషి ఐడీ, హోదా, ఎప్పటిదాకా చెల్లుతుందో ఉంటాయి. మూడోది సంతకం. రెండో ముక్క రహస్యమని చాలామంది భ్రమపడతారు. బేస్64 ఎన్‌క్రిప్షన్ కాదు, ఎవరైనా విప్పి చదువుకోవచ్చు, సంతకం చెడకుండా మార్చడం మాత్రం కుదరదు. అందువల్ల ఫోన్ నంబరూ ఆధార్ నంబరూ అందులో పెట్టడమంటే బ్రౌజర్‌లో, లాగ్ ఫైళ్లలో వెదజల్లడమే. టోకెన్ అందుకున్న సర్వర్ పట్టిక తిరగేయదు, డేటాబేస్‌ని అడగదు. సంతకం సరిపోయిందా, గడువు మిగిలుందా అని చూసుకుని రానిస్తుంది. ఆర్టీసీ కండక్టర్ డిపోకి ఫోన్ చేయకుండా బస్ పాస్ మీది ముద్ర, తేదీ చూసి కూర్చోమన్నట్టే. వేగం, సౌలభ్యం అక్కణ్నుంచే వచ్చాయి. పాస్ పోగొట్టుకున్నవాడి ఇబ్బందీ అక్కడే ఉంది: దొరికినవాడు తేదీ అయ్యేదాకా దర్జాగా తిరుగుతాడు.

ఊరి ఇంటర్నెట్ సెంటర్‌లో కూర్చుని ఇంజనీరింగ్ కౌన్సెలింగ్‌కి వెబ్ ఆప్షన్లు పెట్టే విద్యార్థిని ఒక్కసారి ఊహించుకోండి. ఇది ఏ ఒక్క సైటు మీదా ఫిర్యాదు కాదు, అలాంటి చోట ఏం జరగొచ్చో చూడ్డానికే. కరెంటు పోయిందనో, వెనక వరుసలో జనం ఉన్నారనో ఆ అమ్మాయి లాగౌట్ నొక్కకుండానే లేచి వచ్చేసింది. టోకెన్ లోకల్ స్టోరేజీలో ఉంటే బ్రౌజర్ మూసినా అది చెరగదు. ఇంటికెళ్లాక గుర్తొచ్చి ఫోన్‌లో లాగిన్ అయి, ‘అన్ని చోట్లా లాగౌట్’ అనే బటన్ కోసం వెతుకుతుంది. సర్వర్‌లో సెషన్ పట్టిక ఉంటే ఆ బటన్ వెనక ఒకే ఒక్క పని: ఆమె పేరున ఉన్న వరుసలు తీసేయడం. సెంటర్‌లోని బ్రౌజర్ తర్వాతి క్లిక్కుకే బయటికొచ్చి పడుతుంది. వట్టి టోకెన్ పద్ధతిలో అయితే సర్వర్‌కి ఆ సెంటర్‌లో ఒక టోకెన్ మిగిలుందని కూడా తెలియదు. గడువు 24 గంటలు పెట్టి ఉంటే 24 గంటలూ కాచుక్కూర్చోవాలి. పాస్‌వర్డ్ మార్చినా లాభం లేదు, టోకెన్‌కి పాస్‌వర్డ్‌తో సంబంధం తెగిపోయింది. ఇదే సంగతి పెద్ద ఎత్తున జరిగితే ఎలా ఉంటుందో 2018 సెప్టెంబరులో ఫేస్‌బుక్ చూసింది. ‘వ్యూ యాజ్’ అనే సదుపాయంలోని లోపాల వల్ల వినియోగదారుల యాక్సెస్ టోకెన్లు దొంగల పాలయ్యాయి. ప్రమాదంలో పడ్డాయనుకున్న దాదాపు 5 కోట్ల ఖాతాలతో పాటు, ముందుజాగ్రత్తగా మరో 4 కోట్ల ఖాతాల టోకెన్లనూ కంపెనీ ఒక్కపెట్టున చెల్లకుండా చేసింది. తర్వాత దర్యాప్తులో నిజంగా పోయినవి 3 కోట్ల ఖాతాలవని తేలింది. దొంగతనం దొంగతనమే. కానీ ఇచ్చిన టోకెన్లను వెనక్కి లాగే వీలు లేని కంపెనీకి ఆ రోజు 9 కోట్ల మందిని బయటికి పంపడానికి దారి ఏముండేది? సంతకపు తాళంచెవినే మార్చేసి, లోకమంతటినీ ఒకేసారి గెంటేయడం తప్ప.

దీనికి టోకెన్ పక్షం జవాబు సిద్ధంగానే ఉంటుంది: రద్దయిన టోకెన్ల జాబితా ఒకటి పెట్టుకుంటే చాలదా? పెట్టుకోవచ్చు. కానీ ఆ జాబితాను ప్రతి రిక్వెస్టుకీ చూడాలి. అలా చూస్తే పట్టిక తిరగేయనక్కర్లేదన్న టోకెన్ గొప్ప పోయినట్టే, సెషన్ పద్ధతే దొడ్డిదారిన తిరిగొచ్చినట్టు. జాబితా చిన్నదిగా ఉంటుంది కదా అంటారు. నిజమే, కానీ తేడా పాడైనప్పుడు బయటపడుతుంది. సెషన్ పట్టిక అందకపోతే ఎవరూ లోపలికి రాలేరు. రద్దు జాబితా అందకపోతే చాలామంది ప్రోగ్రామర్లు ‘పోనీలే, సంతకం బాగానే ఉంది’ అని రానిచ్చేస్తారు, రద్దయినవాళ్లూ వచ్చేస్తారు. రెండో జవాబు ఇంతకన్నా మెరుగు. యాక్సెస్ టోకెన్‌కి పదిహేను నిమిషాల గడువే ఇచ్చి, దాన్ని కొత్తది చేసుకోవడానికి రిఫ్రెష్ టోకెన్ ఒకటి విడిగా ఇవ్వడం, ఆ రెండోదాన్ని డేటాబేస్‌లో రాసుకోవడం. రిఫ్రెష్ టోకెన్‌ని వాడిన ప్రతిసారీ మార్చి, పాతది మళ్ళీ ఎవరైనా చూపిస్తే దొంగ పడ్డాడని గ్రహించి ఆ వరసలోవన్నీ రద్దు చేస్తే ఇంకా గట్టి. ఈ ఏర్పాటును నేను తప్పుపట్టను. పదిహేను నిమిషాల ఆలస్యంతో పనిచేసే సెషన్ ఇది. ఆ ఆలస్యం వార్తల యాప్‌కి ఏ నష్టమూ చేయదు. బ్యాంకులో, ఉద్యోగం నుంచి ఇప్పుడే తీసేసిన మనిషి విషయంలో, పదిహేను నిమిషాలు చాలా ఎక్కువ. ఎంత ఆలస్యాన్ని భరించగలమన్నది వ్యాపారం తేల్చుకోవాల్సిన ప్రశ్న. ట్యుటోరియల్ నుంచి కాపీ చేసిన కోడ్‌లోని అంకె దాన్ని తేల్చేస్తుండటమే నా ఫిర్యాదు.

అసలు అభ్యంతరం వేగం, విస్తరణ. కోట్ల మంది వస్తే ప్రతి రిక్వెస్టుకీ డేటాబేస్ తలుపు తట్టాలా అని. లెక్క వేసి చూద్దాం. ఇండెక్స్ ఉన్న పట్టికలో ఒక వరుస వెతకడానికి, లేదా రెడిస్ లాంటి మెమరీ నిల్వలో చూడ్డానికి పట్టేది మిల్లీసెకనుకు అటూ ఇటూ. అదే రిక్వెస్టు ఆ మనిషి ఆర్డర్లో మార్కులో తేవడానికి ఎలాగూ డేటాబేస్‌లో రెండు మూడు ప్రశ్నలు వేస్తుంది. ఆ పక్కన ఇంకొకటి చేరినంత మాత్రాన కూలిపోయే అప్లికేషన్‌కి టోకెన్ మందు కాదు. ఒక సంగతి మరిచిపోకూడదు: సర్వర్‌లో ఏమీ దాచకుండా అంతా కుకీలోనే సంతకంతో పంపే పద్ధతి జేడబ్ల్యూటీకన్నా పాతది. రూబీ ఆన్ రెయిల్స్ తన 2.0 వెర్షన్‌లో, 2007లోనే, దాన్ని డిఫాల్ట్ చేసుకుంది. అదే రెయిల్స్ 2024లో 8వ వెర్షన్‌తో లాగిన్ కోడ్‌ని తనే పుట్టించి ఇవ్వడం మొదలుపెట్టినప్పుడు, ఆ కోడ్‌లో డేటాబేస్‌లోని సెషన్ పట్టిక పెట్టింది.

సంతకం మీద అంత భారం మోపినప్పుడు సంతకాన్ని సరిచూసే పని తప్పితే మొత్తం కూలుతుంది. 2015లో టిమ్ మెక్లీన్ చాలా లైబ్రరీల్లో బయటపెట్టిన లోపం చూడండి. టోకెన్ మొదటి ముక్కలో ‘సంతకపు పద్ధతి: ఏదీ లేదు’ అని రాసి పంపితే, కొన్ని లైబ్రరీలు బుద్ధిగా ఆ మాట నమ్మి సంతకం అడగడమే మానేశాయి. ఇంకో రకంలో, బహిరంగంగా ఉండే పబ్లిక్ కీనే రహస్యపు కీగా వాడేలా సర్వర్‌ని మభ్యపెట్టగలిగేవారు. వచ్చినవాడు తన పరీక్ష పద్ధతి తనే ఎంచుకునే వీలు ఇవ్వడమే అసలు పొరపాటు. 2020లో ఆర్‌ఎఫ్‌సీ 8725 ఈ పాఠాలన్నీ గుదిగుచ్చింది. ఇవి చిన్న లైబ్రరీల కథలు, పెద్ద కంపెనీలు జాగ్రత్తగా ఉంటాయి అనేవాళ్లకు 2023 జవాబు చెబుతుంది. స్టార్మ్-0558 అని పేరుపెట్టిన చైనా హ్యాకర్ల బృందానికి మైక్రోసాఫ్ట్ సంతకపు కీ ఒకటి చిక్కింది. అది 2016 నాటిది, ఎప్పుడో పక్కన పెట్టేయాల్సింది. మామూలు వినియోగదారుల ఖాతాల కోసం ఉద్దేశించిన ఆ కీతో చేసిన దొంగ టోకెన్లను సంస్థల మెయిల్ వ్యవస్థ కూడా అంగీకరించింది, ఎందుకంటే ఏ కీ ఎవరి కోసం అన్నది సరిచూసే మెట్టు ఒకటి తప్పిపోయింది. అమెరికా ప్రభుత్వ సమీక్షా మండలి 2024లో ఇచ్చిన నివేదిక ప్రకారం 22 సంస్థల్లో 500 మందికి పైగా మెయిళ్లు చదివారు, వాళ్లలో అమెరికా వాణిజ్య మంత్రి కూడా ఉన్నారు. సెషన్ పట్టిక దొంగల పాలైతే నష్టం లేదా అంటే ఉంది. కానీ పట్టికలో సంఖ్యను నేరుగా కాకుండా దాని షా-256 హ్యాష్‌ని దాచుకుంటే దొంగ చేతికొచ్చేది పనికిరాని చిత్తు. సంతకపు కీ చేజిక్కితే అలా కాదు, అసలు ఎన్నడూ లాగిన్ కాని మనిషి పేరున కూడా టోకెన్ ముద్రించుకోవచ్చు.

టోకెన్‌ని ఎక్కడ దాచాలన్న తగువు దీని పిల్లే. లోకల్ స్టోరేజీలో ఉన్నది పేజీలో నడిచే ఏ జావాస్క్రిప్ట్‌కైనా అందుతుంది. బయటి నుంచి తెచ్చుకున్న ప్యాకేజీలో ఒక్కటి చెడినా, కామెంటు పెట్టెలో ఎవరైనా స్క్రిప్టు దూర్చినా, టోకెన్ అవతలివాడి సర్వర్‌కి చేరిపోతుంది. హెచ్‌టీటీపీ ఓన్లీ గుర్తు ఉన్న కుకీని స్క్రిప్టు చదవలేదు. స్క్రిప్టు పేజీలోనే కూర్చుని బాధితుడి పేరున రిక్వెస్టులు పంపగలదు కదా, తేడా ఏముంది అంటారు కొందరు. తేడా ఉంది: అలాంటి దాడి ఆ ట్యాబ్ తెరిచి ఉన్నంత సేపే సాగుతుంది. టోకెన్ ఎత్తుకెళ్తే మాత్రం దొంగ తన ఊళ్లో తీరిగ్గా వాడుకుంటాడు. ఇక కుకీకి ఉన్న పాత జబ్బు, వేరే సైటు మన పేరున ఫారం పంపించడం. దానికి సేమ్‌సైట్ అనే కట్టడి వచ్చింది. 2020లో క్రోమ్ 80 నుంచి ఏమీ చెప్పకపోయినా ‘లాక్స్’ విలువే వర్తిస్తోంది. ఏమీ చెప్పకుండా వదిలేయకుండా మనమే రాయడం, డబ్బు కదిలే చోట రిక్వెస్టు ఏ ఆరిజిన్ నుంచి వచ్చిందో కూడా చూడడం మంచిది.

ఇంతకీ టోకెన్‌కి తగిన చోటు ఏది? పట్టిక పంచుకోలేని ఇద్దరు యజమానుల మధ్య. ‘గూగుల్‌తో లాగిన్ అవ్వండి’ అన్న బటన్ వెనక 2012 నాటి ఓఆత్ 2.0, దాని మీద 2014లో వచ్చిన ఓపెన్ ఐడీ కనెక్ట్ ఉన్నాయి. ఈ మనిషి ఫలానా అని గూగుల్ సంతకం చేసి చెబుతుంది. మన సర్వర్‌కి గూగుల్ డేటాబేస్‌లోకి తొంగిచూసే దారి లేదు, చూడనక్కర్లేదు కూడా. డిజిలాకర్ నుంచి ఒక యాప్ మన మార్కుల మెమో తెచ్చుకున్నా ఇదే పొందిక, పౌరుడు ఒప్పుకున్నంత మేరకే టోకెన్. ఒక కంపెనీ లోపలే పదుల కొద్దీ సర్వీసులు ఒకదాన్నొకటి పిలుచుకునే చోట కూడా, రెండు నిమిషాల గడువున్న టోకెన్ హాయిగా పనిచేస్తుంది. గూగుల్ లాగిన్ దగ్గర ఎక్కువమంది జారిపడే మెట్టు ఒకటుంది. గూగుల్ ఇచ్చిన ఐడీ టోకెన్‌ని ఒక్కసారి సరిచూసి, అది మన అప్లికేషన్ కోసమే ఇచ్చిందని ఖాయం చేసుకుని, వెంటనే పక్కన పెట్టి మన సొంత సెషన్ మొదలుపెట్టాలి. అలా చేయకుండా దాన్నే మన ఏపీఐకి పాస్‌లా వాడుతూ పోతే, అద్దెకు తెచ్చిన తాళంతో సొంత ఇల్లు నడిపినట్టుంటుంది. మొబైల్ యాప్‌లకు కుకీలు పనికిరావన్నది కూడా సగం నిజం. అర్థంలేని అదే పొడుగాటి సంఖ్యను ఫోన్ కీచైన్‌లోనో కీస్టోర్‌లోనో దాచి హెడర్‌లో పంపొచ్చు. హెడర్‌లో వచ్చినంత మాత్రాన అది జేడబ్ల్యూటీ కావాలని ఏ ప్రమాణమూ అనలేదు.

లాగిన్ చుట్టూ ఎంత గోడ కట్టినా పాస్‌వర్డ్ మరిచిపోయినవాడి కోసం ఒక కిటికీ తెరిచి ఉంచక తప్పదు, దొంగలూ అటే చూస్తారు. 2008లో అమెరికా ఉపాధ్యక్ష పదవికి పోటీలో ఉన్న సారా పేలిన్ యాహూ మెయిల్‌ని ఒక విద్యార్థి తెరిచింది ఈ కిటికీ గుండానే. పుట్టిన తేదీ, పిన్ కోడ్, భర్తను ఎక్కడ కలిసింది అన్న ప్రశ్నలకు జవాబులు వెతికితే దొరికాయి. ఇప్పుడు ఆ ప్రశ్నల స్థానంలో మెయిల్‌కి వెళ్లే లింకు వచ్చింది. అది ఒక్కసారే పనిచేయాలి, త్వరగా చావాలి, డేటాబేస్‌లో హ్యాష్‌గానే ఉండాలి. పాస్‌వర్డ్ మారిన మరుక్షణం మిగతా సెషన్లన్నీ పోవాలి, ఎందుకంటే జనం పాస్‌వర్డ్ మార్చేది చాలాసార్లు ఎవరో దూరారన్న అనుమానంతోనే. జాంగో ఫ్రేమ్‌వర్క్ ఈ పనిని ముచ్చటగా చేస్తుంది. దాచిన పాస్‌వర్డ్ హ్యాష్ నుంచి ఒక గుర్తు లెక్కకట్టి సెషన్‌లో ఉంచుతుంది, ప్రతి రిక్వెస్టుకీ పోలుస్తుంది. పాస్‌వర్డ్ మారితే గుర్తు మారుతుంది, పాత సెషన్లు వాటంతటవే రాలిపోతాయి. ప్రోగ్రామర్ ఒక్క లైను రాయనక్కర్లేదు.

పాస్‌కీలు వచ్చాక ఈ చర్చే పాతబడిపోయింది అనేవాళ్లూ ఉన్నారు. వాటి సత్తా కాదనలేం. 2019లో డబ్ల్యూ3సీ ప్రమాణంగా వచ్చిన వెబ్ ఆథెన్ మీద నిలబడ్డ ఈ పద్ధతిలో రహస్యపు కీ సైటు చేతికి చేరదు, పైగా అది సైటు చిరునామాతో ముడిపడి ఉంటుంది కాబట్టి నకిలీ సైటు దగ్గర నోరు విప్పదు. మన దగ్గర అలవాటైన ఎస్‌ఎంఎస్ ఓటీపీకి ఆ గుణం లేదు. ఫోన్ చేసి తియ్యగా అడిగితే చెప్పేసేవాళ్లు ఉన్నంత కాలం, సిమ్ మార్పిడి మోసాలు ఉన్నంత కాలం, అది అరకొర కాపలాయే. కానీ పాస్‌కీ కాపాడేది లాగిన్ అయ్యే క్షణాన్ని. ఆ తర్వాత బ్రౌజర్ చేతికొచ్చేది మళ్ళీ అదే కుకీ, అదే టోకెన్. 2023 మార్చిలో లైనస్ టెక్ టిప్స్ యూట్యూబ్ ఛానెళ్లు హైజాక్ అయింది అలాగే. ప్రకటన ఒప్పందం పేరుతో వచ్చిన ఫైలును ఒక ఉద్యోగి తెరిచాడు, మాల్‌వేర్ బ్రౌజర్‌లోని సెషన్ టోకెన్లు ఊడ్చుకెళ్లింది. దొంగ పాస్‌వర్డ్ అడిగింది లేదు, ఓటీపీ లాంటి రెండో అంచె దాటాల్సిన పనీ పడలేదు. అందుకే ఛానెల్ పేరు మార్చడం, డబ్బు పంపడం, మెయిల్ ఐడీ మార్చడం లాంటి పనుల ముందు మనిషిని మళ్ళీ ఒకసారి రుజువు అడగాలి. గూగుల్ క్రోమ్ కోసం తయారుచేసిన, పరికరానికి కట్టిపడేసిన సెషన్ల పద్ధతి ఈ దొంగతనానికే మందు. అందులో బ్రౌజర్ ఆ కంప్యూటర్ దాటి బయటికి రాని కీ ఒకటి పుట్టించుకుంటుంది. కుకీకి కొద్ది నిమిషాలే ఆయుష్షు, కొత్తది కావాలంటే ఆ కీతో రుజువు చూపాలి. కుకీ ఎత్తుకెళ్లినవాడి చేతిలో అది త్వరగానే చెల్లకుండా పోతుంది. ఆ రుజువును పోల్చడానికి సర్వర్ మాత్రం తన దగ్గర ప్రతి సెషన్‌కీ ఒక వరుస రాసిపెట్టుకోవాల్సిందే.